పాసైతే ఫీజు వాపస్

ఫీజు ముందే చేతిలో పెట్టి "వెళ్ళి చదువుకోండి" అనే యాజమాన్యం టీచర్ల పాలిట శత్రువు! బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. తొందరపడి ఎవరూ కాదనకండి.

మా స్కూలు యాజమాన్యం అలాంటిది కాదు. దానికి చాలా ముందుచూపు ఉంది. టీచర్లు పైకోర్సులు చదవాలి. ఫీజు ముందు సొంత డబ్బుతో కట్టుకోవాలి. మంచి గ్రేడుతో పాసవ్వాలి. ఆ తర్వాత హెడ్మాస్టారు 'ఈ కోర్సు ఈవిడ ఉద్యోగానికి అవసరమే' అని సంతకం పెట్టాలి. అప్పుడు కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. దీన్ని రీయింబర్స్‌మెంట్ అంటారు. గిట్టనివాళ్ళు బాధ అంటారు. నేను మాత్రం వరం అంటాను!

ఎందుకంటారా? నేను లెక్కల టీచర్ని. మా ఇంట్లో వాషింగ్ మెషీన్ కోసమని కొంత డబ్బు దాచి ఉంచాం. మా అత్తయ్య నడుము ఆవిడ మాట వినడం మానేసి చాలాకాలమైంది. దుప్పట్లు ఉతికిన రోజున లేచి నిలబడాలంటే ఆవిడకు గోడ సాయం కావాలి. సరిగ్గా ఆ డబ్బు తీసుకెళ్ళి నేను సాయంకాలం కాలేజీలో 'తరగతి గది నిర్వహణ' అనే కోర్సుకు కట్టేశాను. ఆ కోర్సు లేనిదే ఇంక్రిమెంట్ లేదన్నారు మరి. పాసైతే ఎలాగూ వెనక్కి వస్తుంది కదా అని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు.

ఆ రోజు నుంచి మా ఇంటి కథే మారిపోయింది. అత్తయ్య నా చేతిలోంచి గరిటె లాక్కుని పుస్తకం పెట్టారు! కోడలి చేతిలోంచి పుస్తకం లాక్కుని గరిటె పెట్టిన అత్తగార్లు మీకు ఎంతోమంది తెలిసుంటారు. ఇలాంటి అత్తగారిని ఎక్కడైనా చూశారా? ఎన్నో ఉపన్యాసాలు, ఎన్నో ఉద్యమాలు సాధించలేని పని ఇది! ఒక్క షరతు సాధించింది.

మా ఆయన టీవీలో మ్యాచ్ చూస్తే నోరు నొక్కేసి చూసేవారు. టీవీ నోరూ, తన నోరూ కూడా. సిక్సర్ కొట్టినప్పుడు దిండు కొరుక్కునేవారు. పక్కింటావిడ పంచదార కోసం వస్తే అత్తయ్య గుమ్మంలోనే గ్లాసు అందించి, లోపలికి వేలు చూపించి, "అమ్మాయి చదువుకుంటోంది" అని గుసగుసగా చెప్పి పంపేసేవారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా గురించి ఆవిడ అంత గొప్పగా చెప్పుకోవడం నేను వినలేదు.

అంతటితో ఆగారా? వంట చేస్తూనే నాచేత పాఠం అప్పజెప్పించుకునేవారు. ఆవిడకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. అయినా నేను ఎక్కడ ఆగినా, "తడుముకుంటున్నావు, మళ్ళీ మొదటినుంచి చెప్పు" అనేవారు. ఇప్పుడు చెప్పండి, ఫీజు ముందే వచ్చి ఉంటే ఇదంతా జరిగేదా? ఊరికే వచ్చిన చదువును ఇంట్లో ఎవరు పట్టించుకుంటారు?

ఇక కాలేజీ సంగతి. ఆ క్లాసులో అందరం టీచర్లమే! లెక్చరర్ మాత్రం మొన్న మొన్న చదువు ముగించుకుని వచ్చిన కుర్రాడు. పిల్లల క్లాసు అతను పుస్తకంలో తప్ప ఎక్కడా చూడలేదు. బోర్డు వైపు తిరిగితే చాలు, క్లాసు సంతయిపోయేది. సైన్సు టీచరు తన స్కూలు పేపర్లు తెచ్చుకుని దిద్దుకునేది. ఒక తెలుగు మాస్టారు లెక్చరర్ ఇచ్చిన నోట్సులో తప్పుల కింద ఎర్రగీతలు గీసి, పది మార్కులకు నాలుగు వేసి తిరిగి ఇచ్చారు. "దయచేసి మాట్లాడకండి" అని ఆ కుర్రాడు బతిమాలితే, అందరం ఒకరివైపు ఒకరు తిరిగి "ష్, మాట్లాడకండి" అని చెప్పుకునేసరికి బెల్లు కొట్టేవారు.

చివరి బెంచీలో మా హెడ్మాస్టారు నిద్రపోయేవారు. ఆయనా ఈ పథకంలోనే చేరారు. ఆయన కాగితాల మీద సంతకం మాత్రం యాజమాన్యానిది.

ఆఖరికి లెక్చరర్ సుద్దముక్క కింద పెట్టి, ఇంతకీ పిల్లల్ని మీరెలా అదుపులో పెడతారో చెప్పండి అని మమ్మల్నే అడిగాడు. తలా ఒక చిట్కా చెప్పాం. పాపం, శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ ఒక్కరోజే క్లాసులో చదువు జరిగింది.

పరీక్ష రోజు అత్తయ్య గుమ్మందాకా వచ్చి సాగనంపారు. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారంతే. అది చాలదూ!

మొదటి ప్రశ్న: 'క్రమశిక్షణ తప్పిన విద్యార్థిని అతని గౌరవానికి భంగం కలగకుండా సరిదిద్దే విధానం వివరింపుము.' నాకు కంఠతా వచ్చు. చకచకా రాస్తున్నాను. ఇంతలో వెనకనుంచి కాగితం చప్పుడు వినిపించింది.

జవాబు కాగితం చప్పుడు వేరు, చీటీ చప్పుడు వేరు. పరీక్ష హాళ్ళలో కాపలా కాసీ కాసీ నా చెవులు అలా తయారయ్యాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఉద్యోగంతో వచ్చిన బుద్ధికి ఆ గడువు కూడా ఉన్నట్టు లేదు. నా కాళ్ళు వాటంతటవే లేచాయి. నా చెయ్యి వెనక బెంచీ మీది అట్ట కిందికి పోయి చీటీ లాగింది. మొహం ఎవరిదో చూడకుండానే నా నోరు, "లే! నిలబడు!" అంది.

నిలబడింది మా హెడ్మాస్టారు.

చేతులు కట్టుకుని మరీ నిలబడ్డారు! ఆయనా ఒకప్పుడు విద్యార్థే కదా. అసలు కాపలా ఉన్న అమ్మాయి కూడా భయపడి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ చీటీ ఏం చెయ్యాలో నాకు తోచలేదు. తీసినచోటే పెట్టి, "కూర్చోండి సార్" అన్నాను.

ఇద్దరం పాసయ్యాం. నాకు మొదటి గ్రేడు వచ్చింది. అత్తయ్య వాషింగ్ మెషీన్ ఎక్కడ పెట్టాలో కూడా చూసి, అక్కడున్న బకెట్లు జరిపించారు.

సంతకానికి వెళ్ళాను. హెడ్మాస్టారు ఎంతో ఆప్యాయంగా కూర్చోమన్నారు. నా కాగితాలు మొదటినుంచి చివరిదాకా చదివారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి అన్నారు.

"తరగతి నిర్వహణ మీకు క్షుణ్ణంగా వచ్చమ్మా. నేను కళ్ళారా చూశాను. వచ్చిన విద్యకు మళ్ళీ ఫీజెందుకు?"

'ఈ కోర్సు ఈవిడకు అవసరం లేదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం పెట్టారు. కోర్సే అవసరం లేనప్పుడు ఇంక్రిమెంట్ మాటెక్కడిది? ఆయన ఫీజు మాత్రం ఆ వారమే వెనక్కి వచ్చింది. ఆయనకు కోర్సు అవసరమని హాలంతా సాక్ష్యం కదా!

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆ రెండింటికీ ఎవరి సంతకమూ అక్కర్లేదు కాబట్టి స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని రెండూ కానిచ్చుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య పెరట్లో దుప్పటి పిండుతున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ పిండడం ఆపి నా వైపు తిరిగారు.

"నిజంగా చేతులు కట్టుకున్నాడా?" అని అడిగారు.

కట్టుకున్నారన్నాను. ఆవిడకు నవ్వు ఆగలేదు. నవ్వితే నడుం పట్టేసి, గోడ పట్టుకుని మళ్ళీ నవ్వారు. నేను దుప్పటి రెండో కొస అందుకున్నాను. ఇద్దరం కలిసి పిండుతుంటే, ఏ కళనున్నారో, నాకొక సలహా ఇచ్చారు. ఈసారి నాకు బొత్తిగా రాని దాంట్లో చేరమన్నారు. అప్పుడు అవసరం లేదని ఎవడూ రాయలేడట.

"నాకు రానిదేముంది అత్తయ్యా?"

"నోరు మూసుకోవడం."

మాట నిజమే. మా స్కూల్లో పైకి వచ్చినవాళ్ళందరూ అందులో మొదటి గ్రేడువాళ్ళే. అలాంటి కోర్సు ఎక్కడైనా ఉంటే దయచేసి చెప్పండి, వెంటనే చేరతాను. ఫీజు మాత్రం ముందే ఇచ్చేవాళ్ళయితేనే!