కనుమకి రెండు కిలోల ఆక్సిజన్

ఆ పొద్దున ఎజ్రా వేసుకున్న ప్లాను చిన్నదే. ఏడింటికి టీ, మధ్యాహ్నానికల్లా నేపాల్ కొండల్లో పన్నెండు వేల అడుగుల ఎత్తున్న కనుమ, అక్కడ అద్దె మోటారుసైకిలు పక్కన నిలబడి ఒక ఫొటో. మండవల్లిలో పదమూడేళ్ళుగా చేపల చెరువులు చూసుకుంటున్న మనిషి. ఏలూరు రైల్వే వంతెన కంటే ఎత్తెక్కి ఎరగడు. భార్య విక్టోరియాని బతిమాలి బతిమాలి సంపాదించిన సెలవిది. కొండల్లో నాలుగు రోజులు, చెరువు మొహం చూడకుండా. అంతే అతని కోరిక.

బయల్దేరేటప్పుడు మేనమామ నెహెమ్యా ఓ తెల్ల కవరు చేతిలో పెట్టాడు. "అల్లుడూ, పైన గాలి చాలదంట్రా. తెల్లారుజామున మన చేపలు నోళ్ళు తెరుస్తాయే, అలా తెరుస్తావు. ఇది చెంచాడు నీళ్ళలో వేసి పీల్చు."

చెరువులో చల్లే ఆక్సిజన్ పొడి, రెండు కిలోలు. కళ్ళముందు చేపల్ని బతికించిన పొడి మనిషికి పనికిరాదా అనుకున్నాడే గాని, మావయ్య వేళాకోళమని ఎజ్రాకి తట్టలేదు.

కనుమ కింద చెక్‌పోస్టులో ఇన్‌స్పెక్టరు ఆ కవరు విప్పాడు. పక్కనున్న టీకొట్టాయన హైదరాబాదులో పదేళ్ళు వాచ్‌మన్‌గా చేశాడు గనక, అతన్ని మాట సాయానికి పిలిచారు.

"సార్ అడుగుతుండు, ఇదేంది?"

"ఆక్సిజన్ అండీ."

"ఎవరికి?"

"చేపలకండీ. అంటే... ఈసారికి నాకు."

"చేపలేవి?"

"ఏలూరు దగ్గరున్నాయండీ."

ఇన్‌స్పెక్టరు బండి తాళం లాక్కున్నాడు. చేసి చూపిస్తే నమ్ముతారని ఎజ్రా గుప్పెడు పొడి పక్కనున్న నీళ్ళ బకెట్లో పోశాడు. నీళ్ళు బుసబుసమని పొంగాయి. కానిస్టేబుళ్ళు ఇసుక బస్తాల వెనక్కి దూకారు. ఎవరో ఈల ఊదారు. రోడ్డు మీద గేటు దించేశారు.

"మా మావయ్యనడగండి బాబూ!" అన్నాడు ఎజ్రా. స్పీకరు పెట్టి ఫోన్ చేశారు.

"పోలీసోళ్ళం. ఈ పౌడరు మీదేనా?" అన్నాడు టీకొట్టాయన.

తన వేళాకోళానికి అల్లుడు ఎప్పుడు బదులు తీర్చుకుంటాడా అని వారం నుంచీ కాసుక్కూచున్న నెహెమ్యాకి అర్థమైపోయింది, ఇదే అని. "మాదేనండీ! ఎంత కావాలండీ? లారీ లోడు దింపమంటారా? మా అల్లుడు దేశదేశాలకీ పంపుతాడండీ!"

"మావయ్యా, నిజంగా పోలీసులే!"

"ఆహా! అయితే నేను కలెక్టర్నిరా!" ఫోన్ పెట్టేశాడు.

ఎజ్రాని పోస్టు వెనక ఓ రాయి మీద కూర్చోబెట్టారు. విక్టోరియాకి ఏం చెప్పాలి? జైల్లో చపాతీలా, అన్నమా? ప్రార్థన చేసుకుందామని కళ్ళు మూసుకోబోయి ఆగాడు. ఎదురుగా సిమెంటు తొట్టి. వాగు నీళ్ళు తెచ్చే గొట్టం విరిగి వేలాడుతోంది. తొట్టినిండా చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. గట్టు మీద ఓ ముసలాయన గుండెలు బాదుకుంటున్నాడు.

తాను నేరస్థుణ్ణన్న సంగతే మరిచిపోయాడు ఎజ్రా. పరుగున పోస్టులోకెళ్ళి, కవరు లాక్కొచ్చి, తొట్టి చుట్టూ తిరుగుతూ గుప్పెళ్ళతో చల్లాడు. పావుగంటలో చేపలు కిందికి దిగి ఈదసాగాయి. ముసలాయన ఇన్‌స్పెక్టరుకి స్వయానా మావగారు. ఇన్‌స్పెక్టరు ఎజ్రాని కావలించుకున్నాడు. తాళం మాత్రం ఇవ్వలేదు.

"డాక్టర్ సాబ్, కింది ఊళ్ళ ఇంకా ఆరు చెరువులున్నయంట," అన్నాడు టీకొట్టాయన. "జీపు రెడీ."

"కనుమండీ... ఒక్క ఫొటో అండీ..."

"కనుమ ఏడికి పోదంటుండు సార్. చేపలు పోతయ్."

నాలుగో రోజు విక్టోరియా ఫోన్ చేసింది. "ఏవండీ, కొండలెలా ఉన్నాయండీ?"

మోకాలి లోతు నీళ్ళలో నిలబడే ఎజ్రా తలెత్తి చూశాడు.

"చెరువులోంచి బాగానే కనబడుతున్నాయి."