టప్పుమనని స్పీకరు

ఆ పొద్దున రాకేశ్ వేసుకున్న పథకం చిన్నది. పదకొండింటికి హైదరాబాద్‌లోని బాసు మధుకర్‌కు ఫోన్‌లో తను ప్రోగ్రాం రాసిన స్పీకరు వినిపించాలి. అది టప్పుమనకపోతే సిరిసిల్లలో ఇంటి మేడ మీదే కూర్చుని ఉద్యోగం చేసుకోవచ్చు. టప్పుమంటే సోమవారం నుంచి హైదరాబాద్‌లో హాస్టల్ సాంబారు.

తప్పు అతని ప్రోగ్రాందే. వాల్యూమ్ ఇరవైలోనే ఉన్నా, "ఇరవై పెట్టు" అని స్పీకరు చిప్‌లో మళ్లీ మళ్లీ రాస్తుంది. రాసిన ప్రతిసారీ స్పీకరు టప్పుమంటుంది.

కింద షెడ్డులో నాలుగు సాంచెలు దడదడలాడుతున్నాయి. ఆ మరమగ్గాల మోతలో పక్కింటి పెళ్లి బ్యాండు కూడా వినిపించని శంకరయ్యకు, కొడుకు స్పీకరు మాత్రం శుభ్రంగా వినిపించింది. బెల్టు తెగిందనుకుని మెయిన్ స్విచ్ దించేశాడు. అన్నీ చూశాడు. ఏమీ తెగలేదు. స్విచ్ ఎత్తాడు. కరెంటు రాగానే పైన ప్రోగ్రాం నిద్రలేచి, వాల్యూమ్ లాంటి అంకెలన్నీ చిప్‌లో మొదటి నుంచి రాసింది. టప్, టప్, టప్! శంకరయ్య మళ్లీ దించేశాడు.

మూడోసారికి రాకేశ్ మెట్లు దూకుతూ వచ్చాడు.

"బాపూ, గది నా స్పీకరు! స్విచ్చెందుకు తీస్తున్నవ్?"

"నీ స్పీకరో, నా బెల్టో నాకెట్ల ఎర్కరా? టప్పుమంటే తీస్త. ముప్పై ఏండ్ల సంది గంతే!"

"తిన్నవా కొడుకా?" తల్లి నర్సవ్వ మూడోసారి అడిగింది.

"ఇందాకనే చెప్పిన గదమ్మా! ఒక్కసారి చెప్తే యాదికుండదా?"

అనేసి తనే ఆగిపోయాడు. ప్రోగ్రాంకు లేనిదీ ఆ యాదే. ముందు రాసిన అంకెను గుర్తుంచుకుని, కొత్తదీ అదే అయితే గమ్మున ఊరుకుంటే చాలు! తల్లికి సర్దిచెప్పే తీరిక కూడా లేక పైకి పరుగెత్తాడు.

పదకొండింటికి ఫోన్‌ను స్పీకరుకు ఆనించి, ఇరవైని మళ్లీ ఇరవై చేశాడు.

"వెనకాల ఏదో దడదడ తప్ప ఏమీ లేదే," అన్నాడు మధుకర్. "అసలు స్పీకరు పనిచేస్తోందా? పాత ప్రోగ్రాం పెట్టి వినిపించు."

పెట్టాడు. టప్!

"సరే, ఇప్పుడు కొత్తది."

అప్పటికే కింద శంకరయ్య తన ధర్మం తాను నిర్వర్తించాడు. స్పీకరు చచ్చింది. సాంచెలు ఆగాయి. రాకేశ్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. ఏం చేయాలో తోచక, చచ్చిన స్పీకరు మీటనే పదిసార్లు నొక్కాడు.

అవతల మధుకర్ ఊపిరి బిగబట్టి విన్నాడు.

"అద్భుతం! టప్పే కాదు, ఆ దడదడ కూడా తీసేశావు! ఎలా చేశావయ్యా?"

రాకేశ్ మెట్ల కిందికి చూశాడు. "ఇంట్ల... ఒక సీనియర్ ఉన్నడు సార్. ఆయన సాయం చేసిండు."

"అయితే అక్కడే ఉండి పనిచెయ్. ఆయన్ను మాత్రం వదలకు."

కింద ఆ సీనియర్ టార్చిలైటు పట్టుకుని, తెగని బెల్టు కోసం నాలుగో సాంచె కింద దూరి వెతుకుతున్నాడు.