మంత్రి వచ్చేదాకా ఎండ వాడరాదు

సకల జనుల సమ్మె సాగుతున్న రోజుల్లో చిన్నకోడూరు మండలంలోని ఒక రైతుకు ప్రభుత్వం సూర్యుణ్ణి మంజూరు చేసింది. బొగ్గు గనులు ఆగిపోయి, కరెంటు ఎప్పుడొస్తుందో కరెంటుకే తెలియని కాలమది. సమ్మెలో చేరని ఉద్యోగి ఆకాశంలో ఒక్కడే కనిపించాడు గనుక, ఇకమీదట రైతులు అతన్నే నమ్ముకోవాలని రాజధానిలో విధాన నిర్ణయం జరిగింది.

ఆ అదృష్టవంతుడి పేరు అఫ్సర్. అతని పొలాన్ని ఎంపిక చేయడంలో అధికారులు ఎంతో శాస్త్రీయంగా వ్యవహరించారు. అది రోడ్డు పక్కనే ఉంది. మంత్రిగారు కారు దిగి నడవక్కర్లేదు. బోరు దగ్గర సోలార్ ప్లేట్లు నిలిచాయి, మోటారు బిగించారు. ఇంజనీరు రాజనర్సు స్విచ్చు డబ్బాకు తాళం వేసి, ప్రారంభోత్సవం దాకా ఎవరూ ముట్టరాదని చెప్పి వెళ్లాడు.

మంత్రిగారు బయలుదేరారు. అయితే తెలంగాణ సంగతి తేలేదాకా ఏ మంత్రీ ఊళ్లోకి రావద్దని రైతులు రోడ్డు మీద బైఠాయించారు. ముందు వరుసలో కూర్చున్నవాడు అఫ్సర్. మంత్రి వస్తే రాష్ట్రానికి ద్రోహం, రాకపోతే వరికి. పొట్టమీదున్న పంటను తలుచుకుంటూనే అతను నినాదాలిచ్చాడు. కారు వెనక్కి మళ్లింది. ఇంటికొచ్చాక భార్య గులాబ్‌బీ అతనికి అన్నం పెట్టి, పొలం వైపు చూస్తూ కూర్చుంది.

ప్రారంభోత్సవం వాయిదా మీద వాయిదా పడింది. వరి మాత్రం వాయిదాకు ఒప్పుకోలేదు.

ఆకులు చుట్టుకుపోవడం చూడలేక ఒక పొద్దున గులాబ్‌బీ రాయి తీసుకుని తాళం పగలగొట్టింది. మోటారు తిరిగింది. మధ్యాహ్నానికి రెండు మళ్లు తడిశాయి. ఆమె ఆ నీళ్లలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. రైతులు కొత్త ఇంధనాన్ని ఆదరించడం లేదన్న అపవాదు ఆ విధంగా తొలగిపోయింది.

రాజనర్సు పరుగున వచ్చాడు. తాళాలు నమ్మదగినవి కావని తేలింది కాబట్టి ప్లేట్ల మీద టార్పాలిన్ పట్టా కప్పించి తాళ్లతో బిగించాడు.

"మీరే నడిపిస్తే మంత్రి సారు వచ్చి ఏం జెయ్యాలె? నా నౌకరి పోతదమ్మా," అన్నాడు.

"మంత్రి సారు రాకుంటె గీ పంట ఏం జెయ్యాలె సారూ?" అని ఆమె అడిగింది.

అది విధానపరమైన ప్రశ్న కావడంతో ఆయన దాన్ని రాజధానికే వదిలేశాడు. ఎండ దొంగతనం జరగకుండా ఇద్దరు పోలీసులను కాపలా పెట్టించి వెళ్లాడు.

సమ్మె ముగిసింది. మంత్రిగారు వచ్చారు. నల్లజెండాలను తప్పించుకుని చుట్టుదారిన వచ్చేసరికి పొద్దు గూకింది. రాజనర్సు ముందుచూపున్న మనిషి. షామియానా వెనక డీజిల్ జనరేటరు సిద్ధంగా ఉంచాడు. మంత్రిగారు బటన్ నొక్కారు. ఎండిపోయిన పొలంలో నీళ్లు ధారగా పడ్డాయి.

"పొద్దు గూకినా సూర్యుడు పనిచేస్తున్నాడంటే అది మన ప్రభుత్వ సంకల్పబలం," అని మంత్రిగారు సెలవిచ్చి, సౌరశక్తిపై రైతుల అభిప్రాయం చెప్పమని గులాబ్‌బీకి మైకు ఇప్పించారు.

"సూర్యుని మీద మాకేం ఫిర్యాదు లేదు సారూ," అందామె. చప్పట్లు మోగాయి, మైకు వెనక్కి వెళ్లింది. "రోజూ అడగకుండనే వచ్చిండు. గాయిన మీద పట్టా కప్పింది మీరే," అన్న మిగతా మాట దగ్గరున్నవాళ్లకే వినిపించింది.

అఫ్సర్ మడిలోకి దిగి, గింజ పట్టని వరి గుప్పెడు పీకి తెచ్చి మంత్రి చేతిలో పెట్టాడు. మంత్రిగారు దాన్ని రైతు కానుకగా స్వీకరించి ఫొటోకు నవ్వారు.

మరునాడు ఆ ఫొటో కింద గులాబ్‌బీ చెప్పిన మొదటి వాక్యం అచ్చయింది. నగరంలో మనం దాన్ని చదివి సంతోషించాం. ఫ్యాను గాలికి పేపరు ఎగిరిపోతుంటే అరచేత్తో అదిమిపట్టి, ఈ రైతులకు ఎంత చేసినా ఇంకా కరెంటే కావాలంటారని కొంచెం విసుక్కున్నాం కూడా.