రైల్లో అడుగుల చప్పుడు

"రమణా, ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికిపోయినోళ్లు, నాకింకా ఎదురుపడనోళ్లు," అన్నాడు పైడిబాబు, క్యాంటీన్ టీలో బిస్కెట్టు ముంచుతూ. బిస్కెట్టు విరిగి టీలో మునిగిపోయింది.

మా ఆఫీసు బేగంపేటలో. చేతికి కట్టుకునే బ్యాండ్లు తయారుచేస్తాం. మనిషి నడుస్తున్నాడో, బండిలో పోతున్నాడో కుదుపుల్ని బట్టి బ్యాండే కనిపెట్టాలి. దానికి నేర్పడానికి మేమందరం బ్యాండ్లు కట్టుకు తిరుగుతూ, ఎప్పుడు నడిచామో ఎప్పుడు బండెక్కామో ఫోన్లో నొక్కుతుంటాం. కొత్తగా చేరిన పాల్ రోజూ పొద్దున "రైలు" అని నొక్కుతున్నాడు. అతని బ్యాండు మాత్రం అడుగులు వేస్తున్నాడంటోంది. దొంగ లెక్కలు పెడుతున్నాడని మేనేజరు కాంతమణి మేడం అనుమానం. అదే నిజమైతే పాల్ ఉద్యోగం పోయినట్టే.

పైడిబాబు మా దగ్గర ఐడీ కార్డులిచ్చే మనిషి. ఎవరూ అప్పగించకుండానే కేసు చేపట్టాడు. పాల్ శత్రు కంపెనీ గూఢచారి అని టీ తాగేలోపే తేల్చేశాడు. మర్నాడు, మే నెల ఉక్కపోతలో, మంకీ క్యాపూ నల్లకళ్లద్దాలూ పెట్టుకుని నన్ను సికింద్రాబాద్‌లో లోకల్ రైలెక్కించాడు.

పాల్ భుజాన ఓ మూట వేసుకుని రైలు పెట్టె ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

"ఆ మూటలో ఏటుందో తెలుసా? మన రహస్యాలు," అని నా చెవిలో ఊది, పైడిబాబు వెళ్లి అతనికి అడ్డంగా నిలబడ్డాడు. అంతలో రైలు కుదిపింది. పాల్ చేతిలోంచి ఏదో జారి సీట్ల కిందికి దొర్లింది.

"అన్నా, జెర పట్టుకోండి," అంటూ పాల్ మూటని అతని చేతుల్లో పెట్టి కిందికి వంగాడు.

మూట కళ్లు తెరిచింది. మంకీ క్యాప్ చూసి ఏడుపు షురూ చేసింది. పైడిబాబు కంగారుగా నాలుగడుగులు వేస్తే ఏడుపాగింది. ఆగితే మళ్లీ మొదలైంది. పాల్ పాలసీసా వెతికి తెచ్చేదాకా మా డిటెక్టివ్ పెట్టెంతా తిరుగుతూనే ఉన్నాడు. బేగంపేట రాగానే పాల్ పిల్లని తీసుకుని, థాంక్స్ చెప్పి దిగిపోయాడు.

పాల్ పసిపిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా నాయకుడని పైడిబాబు మేడానికి రిపోర్టిచ్చాడు. మేడం పాల్‌ని పిలిపించింది. ఆ పిల్ల తన కూతురేననీ, నర్సుగా చేస్తున్న భార్య ప్రిసిల్లాకి పొద్దుటి డ్యూటీ కాబట్టి పిల్లని బేగంపేటలో అత్తగారింట్లో దింపి వస్తున్నాననీ పాల్ చెప్పాడు. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఊరుకోదట, నడవాల్సిందేనట.

"కొత్తగా చేరిన. ఇంటి తక్లీఫులు ఆఫీసుల ఎట్ల చెప్త మేడం," అన్నాడు తలొంచుకుని.

మేడానికి నమ్మకం కుదరలేదు. ఆ పొద్దుటి లెక్కలు కంప్యూటర్లో గీతలుగా తెరిచింది. కింద రైలు కుదుపు, దానిమీద అడుగుల కుదుపు. అది పాల్ గీత. దాని పక్కనే అచ్చం అలాంటిదే ఇంకొకటి కనపడింది. ఎవరిదా అని చూస్తే పైడిబాబుది. తన చేతికీ బ్యాండుందన్న సంగతి మహానుభావుడు మర్చిపోయాడు.

గదిలో అందరికంటే ముందు తేరుకున్నది అతనే. "కేసు ఛేదించేసినాను," అన్నాడు.

మేడం కాదనలేదు. పాల్‌కి సారీ చెప్పి, రైల్లో నడిచే మనుషుల లెక్కలు ఇంకా బోలెడు కావాలంటూ పైడిబాబు వైపు తిరిగింది.

ఇప్పుడు రోజూ పొద్దున పైడిబాబు పిల్లనెత్తుకుని పెట్టెలో పచార్లు చేస్తుంటాడు. అది అత్యంత గోప్యమైన ఆపరేషన్ అంటాడు. పాల్ కిటికీ పక్కన నోరు తెరుచుకుని నిద్రపోతాడు. బేగంపేట వచ్చాక అతన్ని లేపడం నా డ్యూటీ.