వార్షికోత్సవానికి హాజరుకాని నక్షత్రం

మా పరిశోధనశాల వార్షికోత్సవానికి ఒక నక్షత్రం తప్పక హాజరు కావాలని పాలకమండలి ఏకగ్రీవంగా తీర్మానించింది.

సదరు నక్షత్రం చల్లని రకం. చల్లన అంటే సూర్యుడి వేడిలో సగం. ముట్టుకోకపోవడమే మంచిది. పదకొండు నెలలకోసారి ఉబ్బి, మళ్లీ నీరసిస్తుంది. కంటికందని అతినీలలోహిత కాంతి దాని దగ్గర మామూలుగా ఉండదు. ఉబ్బినాక కొన్ని వారాలు మాత్రం లోపలి అదురు పైకొచ్చి, వర్ణపటంలో ఒక్క గీత నిటారుగా లేస్తుంది. పోయినేడు మా ఉత్సవం సరిగ్గా ఆ వారాల్లోనే పడింది. అప్పుడు గీతను పట్టింది ఒక తాత్కాలిక ఉద్యోగి. గీతల మేడం అనేవాళ్లం. ఏడేళ్లుగా తాత్కాలికమే. అంత స్థిరంగా తాత్కాలికంగా ఉన్నవాళ్లు అరుదు. ఈ ఏడు ఎవరు గీత చూపిస్తే వాళ్లకు ఉద్యోగం ఖాయమని మండలి మాటిచ్చింది.

ఉపగ్రహంలోని దూరదర్శిని మాకు ఏడాదికి ఒక్క పూట దొరుకుతుంది. నక్షత్రానికి ఏడాది పదకొండు నెలలే కాబట్టి నెల ముందే చూడాలని, ఉత్సవం నాటికి ఖాళీయే మిగులుతుందని మేడం రాసి సంతకం పెట్టింది. పరిశోధనశాల నడిపే పెద్దసారు ఆ తేదీ కొట్టేసి ఉత్సవం తేదీ వేశారు. ముఖ్య అతిథికి ఆ రోజే తీరిక. నక్షత్రం తీరిక కనుక్కోవాలన్న నిబంధన ఎక్కడా లేదు.

ఆ రోజు అతిథి మీట నొక్కారు. తెర తుడిచిన పలకలా ఉంది.

పెద్దసారు మైకు సర్దుకున్నారు. "మన వైపు నుంచి ఏర్పాట్లన్నీ సక్రమం. లోపం నక్షత్రానిది. దానికి క్రమశిక్షణ లేదు."

మేడం లేచింది. "సార్, రాదని నేను ముందే రాసిచ్చాను. రాలేదు. నా లెక్క నిలబడ్డట్టే కదా?"

"రాదని ముందే తెలిసి ఎందుకు రప్పించలేదమ్మా?" అన్నారు పెద్దసారు, ఎంతో ఓర్పుగా.

ప్రశ్న న్యాయంగానే ఉందని హాలంతా తలాడించింది. సాయంత్రానికి మేడం బల్ల ఖాళీ అయింది. నక్షత్రాన్ని నిరుత్సాహపరచడాన్ని కారణంగా చూపారు.

అయినా మండలి మాట తప్పలేదు. పోస్టర్లు రాసే ఆయన స్కేలు పెట్టి, ఎర్రసిరాతో చక్కటి గీత గీశాడు. గీత చూపించాడు గనక ఉద్యోగం ఆయనకు ఖాయమైంది.

ఆ బొమ్మను అచ్చువేసి ఇంటింటికీ పంచారు. పొదుపు కోసం మేడం తెచ్చిన, గీత లేని ఈ ఏటి అసలు వర్ణపటాన్ని వెనకవైపు వేశారు. ఎర్రగీత మా గోడ మీద బాగానే అమరింది. మీ ఇంట్లోనూ ఉండాలి. ఒకసారి తిప్పి చూడండి. ఖాళీగా ఉందని మీరు రాసుకున్న సరుకుల చీటీ కింద, నక్షత్రం ఉంటుంది.