వేడి ఉంది, వెలుతురు లేదు

“రాష్ట్రాలు విడిపోవచ్చు. మన కాలనీలో మనసులు మాత్రం విడిపోవు! నా కారు నా ఒక్కడిదే కాదు. ఆపద వస్తే ఈ కాలనీలో ఎవరికైనా సరే, అది వాళ్ళ కారే!”

పంద్రాగస్టు నాడు జెండా కింద నిలబడి మావారు గంగాధరరావుగారు చేసిన ప్రకటన ఇది. ఆయన మా కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షులు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఎదురింటి సీతారాములు. మాది గుంటూరు వైపు, వాళ్ళది నల్లగొండ వైపు. అతనికి దిల్‌సుఖ్‌నగర్‌లో రేడియం దుకాణం ఉంది. అంటే బండ్ల మీద అంటించే స్టిక్కర్లు కత్తిరించి అమ్ముతాడు. ఊరేగింపు ఏదైనా ముందు వరసలో అతనే ఉంటాడు.

ఆగస్టులో ఎవరికీ ఆపద రాలేదు. మావారు నిశ్చింతగా ఉన్నారు. సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. సరిగ్గా అప్పుడొచ్చింది ఆపద.

సీతారాములు తల్లి అండాలమ్మగారికి ముందురోజే కంటి ఆపరేషన్ అయింది. ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోని కళ్ళ ఆస్పత్రికి వెళ్ళి పట్టీ విప్పించుకోవాలి. ఇవాళ విప్పి చూడకపోతే కంటికి ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడట. స్కూటరు మీద వెళ్తే దుమ్ము పడుతుంది, వద్దన్నాడట. ఆవిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చి మా కారు షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

“గంగాధరం సారూ, నీ కారు మా కారే అని జెండా కాడ చెప్పినవంట గద. అందుకే ఒచ్చిన.”

మావారు నావైపు చూశారు. నేను కారువైపు చూశాను. దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాలంటే ఎల్బీనగర్ చౌరస్తా దాటాలి. అక్కడ ఆ రోజు వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని నిరసన తెలుపుతున్నారు. ఆ పొయ్యిల మధ్య నుంచి కారు నడపడం మావారికి ఇష్టం లేదు. ఇష్టం లేదని చెప్పడం అంతకన్నా ఇష్టం లేదు.

“ఎంతమాట అండాలమ్మగారూ! మీరు అడగాలా! కానీ కుడివైపు హెడ్‌లైటు వెలగడం లేదండీ. నిన్న ఊరి నుంచి వస్తుంటే చూశాను. మనం తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. ఒంటి లైటుతో రోడ్డెక్కడం చట్టవిరుద్ధం. సంఘం అధ్యక్షుణ్ణి, నేనే చట్టం తప్పితే ఎలా?”

చట్టమంటే మావారికి ఇంత గౌరవమని పెళ్ళయిన ఇన్నేళ్ళకు తెలిసింది!

“లైటే గద సార్. జర చూద్దాం” అన్నాడు సీతారాములు.

ఇక్కడ చదివేవాళ్ళకు ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆ కుడి లైటు గాజు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ‘జై తెలంగాణ’ అనే మందపాటి స్టిక్కరుంది. బానెట్ మీద అంటిస్తే రంగు పోతుంది, గాజు మీదైతే మరక పడదని మావారు ఆ చోటు ఎంచుకున్నారు. రాస్తారోకోల్లో కారు ఆపేవాళ్ళ చూపు మొదట లైటు మీదే పడుతుందని సీతారాములు సలహా ఇచ్చాడు. షెడ్డులో ఉన్న అందరికీ ఆ స్టిక్కరు కనిపిస్తూనే ఉంది. దాని మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. మావారు ఎత్తితే ఉద్యమద్రోహం. సీతారాములు ఎత్తితే ఉద్యమాన్ని తన చేత్తో చింపినట్టు. ఇక నేనా? ఆడవాళ్ళకు కార్ల సంగతి ఏం తెలుసు!

ఈలోగా పక్కింటి సాంబమూర్తిగారు వచ్చారు. ఆయన విద్యుత్ శాఖలో రిటైరయ్యారు. జీతాల లెక్కలు చూసే విభాగంలోననుకోండి, అయినా విద్యుత్తు విద్యుత్తే కదా! విచారణకు ఆయనే అధ్యక్షత వహించారు.

కుడివైపు బల్బు తీసి ఎడమవైపు పెట్టారు. భేషుగ్గా వెలిగింది. ఎడమవైపు బల్బు కుడివైపు పెట్టారు. చీకటి. ఫ్యూజు మార్చారు. చీకటి. బ్యాటరీ తీగలు గట్టిగా బిగించారు. ఎడమ లైటు ఇంకా బాగా వెలిగింది.

సీతారాములుకు కోపం వచ్చింది. “చూసిండ్రా సార్! ఒక్కటే బ్యాటరీ. గా దిక్కు పట్టపగల్లెక్క మండుతున్నది, గీ దిక్కు చీకటి. కరెంటంతా ఎటు పోతున్నదో ఇప్పుడన్నా సమజైందా?”

“అలా అనకు సీతారాములూ. రెండు లైట్లూ కలిసుంటేనే కదయ్యా బండికి అందం!” అన్నారు మావారు.

“కలిసే ఉన్నయి గద సార్. మరి ఒక్కటే ఎందుకు మండవట్టె?”

సాంబమూర్తిగారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపారు. వంగి కుడి లైటు మీద అరచెయ్యి పెట్టారు. చాలాసేపు ఆలోచించారు.

“వేడి ఉంది. వెలుతురు లేదు” అని ప్రకటించారు. “కాబట్టి ఇది సాంకేతిక సమస్య కాదు, విధానపరమైన సమస్య. ఒక కమిటీ వేయాలి.”

“వేద్దాం!” అన్నారు మావారు వెంటనే. ఆయన ముఖం అప్పటికి తేటపడింది.

“కమిటీ ఒచ్చేదాంక డాక్టరు కూసుంటడా?” అంటూ అండాలమ్మగారు కుర్చీలోంచి లేచింది. ఉన్న ఒక్క కన్నూ లైటుకు దగ్గరగా పెట్టి చూసింది. “ఏందిరా గిది? నా కంటికి కట్టినట్టే దీనికీ కట్టిండ్రు!”

“అమ్మా, ముట్టకు! గది ఉద్యమం!” అని కేక పెట్టాడు సీతారాములు.

“అవునండీ, సెంటిమెంటు!” అని అంతకంటే పెద్ద కేక పెట్టారు మావారు.

“దీని పట్టీ తీస్తేనే నా పట్టీ తీస్తరు” అంటూ ఆవిడ గోటితో అంచు పట్టి బర్రున లాగింది.

‘జై తెలంగాణ’ ఊడింది. దాని కింద ‘జై సమైక్యాంధ్ర’ ఉంది!

ఆవిడ అదీ లాగింది. కింద మళ్ళీ ‘జై తెలంగాణ’. దాని కింద మళ్ళీ సమైక్యం. ఊరికి వెళ్ళినప్పుడల్లా తెలంగాణ పొలిమేరలో కోదాడ దాటాక “టైర్లో గాలి చూసొస్తా” అని మావారు ఎందుకు దిగేవారో, తిరిగి వచ్చేటప్పుడు కూడా అక్కడే గాలి ఎందుకు చూసేవారో నాకప్పుడు బోధపడింది.

ఆఖరి పొర ఊడేసరికి భళ్ళున వెలుతురు వచ్చి సీతారాములు మొహం మీద పడింది.

అతను ఇంకా కోప్పడలేదేమిటా అని చూస్తున్నాను. మావారూ దానికోసమే తల వంచుకుని సిద్ధంగా ఉన్నారు. ఈలోగా అండాలమ్మగారు ఓ సమైక్యాంధ్ర స్టిక్కరు నా చేతికిచ్చింది. “కింద మూలకు చీమలసొంటి అక్షరాలున్నయి, ఏందో చదువు బిడ్డా.”

చదివాను. “సీతారాములు రేడియం వర్క్స్, దిల్‌సుఖ్‌నగర్.”

“ఏందిరా, గిది నీ దుకానమే గద?”

“ఆర్డరిచ్చిండ్రమ్మా” అని నసిగాడు సీతారాములు. “ఉద్యమం ఉద్యమమే. దుకానం దుకానమే.”

“అంతే! అభిప్రాయం వేరు, ప్రయాణం వేరు” అని మావారు అందుకున్నారు. వాళ్ళిద్దరి మాటలూ ఇంత చక్కగా కలవడం నేనదే మొదటిసారి చూడటం. ఇది కాలనీ అంతర్గత వ్యవహారం, బయటికి పొక్కరాదని సాంబమూర్తిగారు అక్కడికక్కడే తీర్పు చెప్పారు.

ఇక సాకు లేదు. బయల్దేరాం. బోడి లైట్లతో కారు చౌరస్తా చేరేసరికి మావారి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కుర్రాళ్ళు కారుకు అడ్డం వచ్చారు. ఒకడు కిటికీలోంచి తొంగి చూశాడు.

“ఏడికే అవ్వా?”

“కండ్ల దవాఖానకు బిడ్డా.”

“జరుగుండ్రి, జరుగుండ్రి! గా గంజు పక్కకు తియ్యుండ్రా!” దారికి అడ్డంగా ఉన్న వంటగిన్నెను జరిపించి, వాడు కాగితంలో ఇంత పులిహోర పొట్లం కట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. లైట్లవైపు ఎవరూ చూడనే లేదు.

చౌరస్తా దాటాక మావారికి గొంతు వచ్చింది. “చూశావా వేదవతీ! ఇన్నాళ్ళూ స్టిక్కరు పెట్టుకుని తిరిగాం కాబట్టే మన కారును గుర్తుపట్టారు.”

పట్టీ విప్పారు. కన్ను భేషుగ్గా ఉందన్నారు. చీకటి పడ్డాక రెండు లైట్లూ వేసుకుని దర్జాగా ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున్నే సీతారాములు ఏదో చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. “గీసారి సన్నటి రేడియం తెచ్చిన సార్. లైటు మంచిగ కొడ్తది. రెండు రకాలూ ఉన్నయి.”

మావారు గేటు దాకా వెళ్ళి ఎదురింటి అరుగు మీదికి చూశారు. అండాలమ్మగారు నల్లకళ్ళద్దాలు పైకెత్తి మావైపే చూస్తోంది.

“ఇప్పుడొద్దయ్యా” అన్నారు మావారు గొంతు తగ్గించి. “మధ్యాహ్నం మీ అమ్మగారు పడుకున్నాక రా. ఆవిడకిప్పుడు రెండు కళ్ళూ కనిపిస్తున్నాయి.”