రెండింతల కాళ్లు

ఆ రోజు డ్రైవరుగారు వేసుకున్న పథకం చాలా తేలిక. భార్య టీచరమ్మ బడికి వెళ్లగానే, తాను చాటుగా రెండింతల కొలతతో అల్లిన ఊలు చెప్పులను సబ్బు కలిపిన వేడినీళ్లలో వేసి నలపాలి. అవి సగానికి ముడుచుకుని దళసరెక్కుతాయి. నాలుగింటికి ఆవిడ రాగానే కాళ్లకు తొడగాలి. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషికి ఇదొక లెక్కా?

అయితే ఈ అల్లిక వెనక పంతం ఉంది. ఆయన రిటైరైన మూడో నెలలో టీచరమ్మ సొంత తమ్ముడి ఎదుటే, "ఈయన మొదలుపెట్టి పూర్తిచేసే పని నిద్రొక్కటే" అనేసింది. తమ్ముడు పళ్లికిలించాడు. ఆ మాట డ్రైవరుగారి మనసులో ముల్లులా దిగింది. చల్లటి గచ్చు మీద మునివేళ్లతో నడిచే ఆవిడకే చెప్పులు అల్లి చూపిస్తానని నలభై రోజులు సూదులతో కుస్తీ పట్టారు. ఒకదానికి కుడికాలనీ, రెండోదానికి ఎడమకాలనీ పేర్లు పెట్టుకున్నారు. ఊలు కూడా అంగట్లో అన్నిటికన్నా ఖరీదైనదే తెచ్చారు.

మధ్యాహ్నం దాటినా కుడికాలు తగ్గలేదు, ఎడమకాలూ తగ్గలేదు. మూడున్నరకు ఆ బావమరిదే ఫోను చేశాడు. అతను వీధి చివరి క్లినిక్కులో కాంపౌండరు.

"ఏం చేస్తున్నావు బావా?"

"మీ అక్క కాళ్లతో తంటాలు పడుతున్నానురా. రెండూ రెండింతలున్నాయి. మూడుసార్లు వేడినీళ్లలో పెట్టి నలిపినా వెంట్రుకవాసి తగ్గలేదు."

"అక్క ఏమంటోంది?"

"దానికింకా తెలియదు. నువ్వు చెప్పకు."

కాంపౌండరుకు ముచ్చెమటలు పోశాయి. కాళ్లు రెండింతలైన సంగతి మనిషికే తెలియలేదంటే స్పర్శ పోయిందన్నమాట.

"ఇప్పుడేం చేస్తావు బావా?"

"ఇంకోసారి మరిగిస్తా. అప్పటికీ లొంగకపోతే మధ్యకి కోసి కుట్టేస్తా."

"కోయకు, నేనొస్తున్నా" అంటూ కాంపౌండరు పరిగెత్తాడు. ఆ మాట వినేలోపే డ్రైవరుగారు ఫోను పెట్టేశారు.

వీధి మలుపులో అక్క ఎదురైంది, చేతిలో సంచి, నడక మామూలే. తమ్ముడు ఆవిడను చెయ్యిపట్టి క్లినిక్కులోకి లాక్కెళ్లి బల్లమీద కూర్చోబెట్టాడు.

"నా కాళ్లకేమైందిరా? బాగానే ఉన్నాయిగా."

"అదే భయం. వాపు పైకి కనిపించడం లేదంటే లోపలికి తిరిగిందన్నమాట."

ఆవిడ వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఒక్కో కాలికి కట్టుమీద కట్టు కట్టాడు. కట్టు కట్టడంలో అతని చెయ్యి ధారాళం.

ఇక్కడ ఇంట్లో డ్రైవరుగారికి నాలుగో ఉడుకూ అయింది. చెత్తబుట్టలోంచి ఊలు చుట్టిన కాగితం తీసి కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. ఎంత వేడినీటిలో ఉతికినా కుంచించుకుపోదని హామీ. ఆ హామీకే కదా అంత ధర. నవ్వాలో ఏడవాలో తెలియక, చెప్పులను ఇస్త్రీపెట్టెతో ఆరబెడుతూ కూర్చున్నారు. ఈసారి తమ్ముడొక్కడే కాదు, వీధి వీధంతా పళ్లికిలిస్తుందని ఆయనకు దిగులు పట్టుకుంది.

ఆరు కావస్తుండగా ఇంటిముందు క్లినిక్కు కారు ఆగింది. తమ్ముడి భుజం పట్టుకుని గడప దాకా వచ్చిన టీచరమ్మ ముఖం జేవురించి ఉంది.

"నా కాళ్లు వాచాయని వీడికి చెప్పింది మీరేనటగా?"

"గచ్చు తగలకూడదక్కా, చల్లదనం పాకుతుంది" అని కాంపౌండరు అడ్డం పడ్డాడు. "ఇంత కట్టుకు పట్టే చెప్పులు ఎక్కడ దొరుకుతాయో ఏమో."

డ్రైవరుగారు ఆ కట్లను చూశారు. వీపు వెనక దాచిన చెప్పులు గుర్తొచ్చాయి. కింద కూర్చుని కుడికాలు కుడికాలికి, ఎడమకాలు ఎడమకాలికి తొడిగారు. కొలిచి కుట్టినట్టు పట్టేశాయి.

టీచరమ్మ ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. వెచ్చగా ఉంది. కోపం ఎటు పోయిందో పోయింది.

"ఇవి మీరే అల్లారా?"

"నలభై రోజులు పట్టింది."

"వాడు కట్టు కట్టకముందే ఇంత కొలత ఎలా తెలిసింది మీకు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. డ్రైవరుగారు దాన్ని మింగేసి మీసం సవరించుకున్నారు. "అనుభవం" అన్నారు.

టీచరమ్మ తమ్ముడివైపు తిరిగింది. "చూసి నేర్చుకో. నలభై రోజులు కూర్చుని ఎంత బాగా పూర్తిచేశారో."

చెప్పును కాలికి సరిపెట్టేవాళ్లు వీధికొకరుంటారు గాని, కాలిని చెప్పుకు సరిపెట్టిన మొనగాడు మాత్రం ఆయనొక్కడే.